బొటనవేలి గీతలు

"...కొంచెం గట్టిగ ఒత్తితే పడకపోవునా?"

"ఇంకెంత గట్టిగ ఒత్తాలె అవ్వా? మిషన్ పలగ్గొట్టాల్నా?"

ఎల్లారెడ్డి పట్నంలోని మీసేవలో ఆ తల్లీకూతుళ్ల గొడవకు వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. తల్లి సాలవ్వకు నవ్వు రాలేదు. కూతురు కృపాజ్యోతి డిగ్రీ స్కాలర్‌షిప్ మంజూరు కావాలంటే వేలిముద్ర పడాలి. గడువు ఇంకా నెల్లాళ్లే ఉంది.

ఆపరేటర్ కృపాజ్యోతి వేలు వెలుతురుకు తిప్పి చూశాడు. "బీడీలు చేస్తవా చెల్లే? గీతలన్నీ అరిగినయి. కొన్ని దినాలు బంద్ పెడితే మళ్ల వస్తయి."

సాలవ్వ పదేళ్ల వయసు నుంచి బీడీలు చేస్తోంది. ఎనిమిదో తరగతిలోనే కూతురి ఒళ్లో కూడా చాట పెట్టింది. ఇద్దరూ చేస్తేనే రోజుకు వెయ్యి బీడీలు అవుతాయి. ఒకసారి లెక్క తగ్గించుకుంటే కార్ఖానా తూచి ఇచ్చే ఆ ఆకు వేరేవాళ్లకు పోతుంది, మళ్లీ రావడం కష్టం.

"స్కాలర్‌షిప్ లేకుంటే చదువు బంద్ చేస్త తియ్యి," అంది కృపాజ్యోతి బస్సులో.

సాలవ్వ ఊళ్లో దిగి నేరుగా బీడీల కార్ఖానాకు నడిచింది. గుమాస్తా ఎప్పటిలాగే ఆకు తూచబోతుంటే తక్కెడ పట్టుకుంది.

"నెల దాక సగమే తూచు అన్నా. బిడ్డ చెయ్యదు."