మధ్య ట్రాక్టర్

నా చిన్నప్పుడు, ఇప్పుడు మేముండే మార్కమ్‌లోలాగా మలుపు తిరగగానే ఇండియన్ స్టోరు కనబడే రోజులు కావవి. సస్కచ్వాన్ రాష్ట్రంలో గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు మాది. ఆ ఊరి ఆసుపత్రికి మా నాన్నగారు ఒక్కరే డాక్టరు. మా ఇంటి వెనక పొలం పోలండ్ పెద్దాయనది. యుద్ధం తర్వాత ఒంటరిగా వచ్చి, బంజరు దున్ని రైతైన మనిషి. ఆయన ఇంగ్లీషుకు ఊరంతా నవ్వేది. మా ఇంగ్లీషుకూ నవ్వేది కాబట్టి మాకు ఆయనంటే ఇష్టం.

ఆ ఏడు ధాన్యం కంపెనీ మా ఊరి గిడ్డంగిని మూసేస్తామంది. అది పోతే రైతులు గింజలను ఎక్కడికో మోసుకుపోవాలి. పెద్దాయన ఊరుకుంటాడా? అందరినీ పోగేసి హైవేకి అడ్డంగా ట్రాక్టర్లు పెట్టించాడు. మంత్రి వచ్చి మాట్లాడేదాకా కంపెనీ లారీలు కదలకూడదని పట్టు. మా నాన్నగారు మాత్రం, "నిన్నగాక మొన్న వచ్చినవాళ్లం, ఈ గొడవల్లో మనకేం పని" అని కిటికీ తెరలు కూడా వేసేశారు.

ఆ మధ్యాహ్నం అమ్మ చట్నీకి పల్లీలు వేయించి పెడితే, రెండేళ్ల మా తమ్ముడు గుప్పెడు నోట్లో పోసుకుని నవ్వాడు. నవ్వుతూనే దగ్గు మొదలైంది. నాన్నగారు ఎంత తట్టినా ఆగలేదు. వాడి వీపుకు చెవి ఆనించి విన్నారు. లేచేసరికి ఆయన ముఖం పాలిపోయింది. గింజ ఊపిరి గొట్టంలోకి పోయింది, దాన్ని తీసే సాధనం సిటీ ఆసుపత్రిలోనే ఉంది. ఊరి అంబులెన్సు వేరే ఎవరి కోసమో వెళ్లింది. మేం కారెక్కాం.

సిటీకి ఉన్నది ఆ ఒక్క హైవేనే. తమ్ముడు ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వచ్చేది. అది వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం. ముందు లారీల వరస ఆగి ఉంది. నాన్నగారు వాటి పక్కనుంచి పోనిచ్చి, ట్రాక్టర్ల ముందు ఆపి, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. జన్మలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి.

"అడగండీ, మీకు దండం పెడతాను" అంది అమ్మ. ఆయన స్టీరింగ్ వదల్లేదు. ఇక అమ్మే తమ్ముణ్ణి పొదివి పట్టుకుని దిగింది. ఆ చలిలో చీర మీద కోటు కూడా లేదు. నేను కొంగు పట్టుకుని వెంట పరిగెత్తాను.

మిగతా ట్రాక్టర్లన్నీ ఆపి, రైతులు కాఫీల దగ్గర గుమిగూడి ఉన్నారు. మధ్య ట్రాక్టర్ ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంది. దాని మీద పెద్దాయన. పొద్దుటినుంచి దిగలేదట, రొట్టె కూడా అక్కడే తిన్నాడట. ఇప్పుడే కుర్చీ వదలడం లేదు, రేపు నాయకుడైతే ఇంకేం వదులుతాడని జనం వేళాకోళమాడారట. అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. బిడ్డను పైకెత్తి చూపించిందంతే. వాడి పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి.

పెద్దాయన గేరు వేశాడు. ఒక రైతు పరిగెత్తుకొచ్చి చక్రం పట్టుకున్నాడు. దారిస్తే లారీలు దూరిపోతాయి, మంత్రి ఇంకాసేపట్లో వస్తున్నాడు, అవతల వైపు ఎవరి కారైనా చూసి పంపిద్దాం, కాస్త ఆగమన్నాడు.

"ఆ పిల్లాణ్ణి ఆగమను, నేనూ ఆగుతాను" అన్నాడు పెద్దాయన. ట్రాక్టర్‌ను వెనక్కి తీశాడు.

మేం దాటాం. వెనక అద్దంలోంచి చూస్తే మా వెంటే లారీలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేస్తున్నాయి. పెద్దాయన చుట్టూ జనం చేతులూపుతూ అరుస్తున్నారు.

సాయంత్రానికి తమ్ముడు ఆసుపత్రి అదిరేలా ఏడ్చాడు. ఆ ఏడుపు విని మా నాన్నగారు నడవాలో గోడకు ఆనుకుని తానూ ఏడ్చారు. మంత్రి ఇక రాలేదు. చలికాలంలో గిడ్డంగి మూతపడింది. చర్చిలో పెద్దాయన పక్కన ఎవరూ కూర్చునేవారు కారు. నాన్నగారు క్షమాపణ చెప్పబోతే, పెద్దాయన పిల్లాడు ఇవాళ ఏం తిన్నాడని అడిగాడట.

తర్వాత ఆయన ఎన్నికల్లో నిలబడి చిత్తుగా ఓడాడు. రెండోసారి మా నాన్నగారు, కిటికీ తెరలు వేసుకున్న ఆ మనిషే, మంచులో ఆయన వెంట ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టారు. గెలిచాడు. చాలాకాలం శాసనసభలో ఉన్నాడు. ఒకసారి సభలో ఆయన వేసిన ఏదో ఓటు నచ్చక ఆ రైతులే ఆయన ఆఫీసు ముందు రోడ్డుకు ట్రాక్టర్లు అడ్డం పెట్టారు. ఆయన బయటికొచ్చి, మధ్య ట్రాక్టర్ ఖాళీగా ఉండడం చూసి, ఎవరికైనా దారి కావాలంటే తీసేదెవరని అందరికీ చీవాట్లు పెట్టి, సూటుతోనే ఎక్కి ఇంజన్ ఆన్ చేసి కూర్చున్నాడు. తన మీద జరిగే ధర్నాకు తానే కాపలా కాసిన నాయకుణ్ణి నేను మరెక్కడా చూడలేదు.

నాకు కోపం ఎక్కువ, మా ఇంట్లో అందరికీ తెలుసు. మొన్నామధ్య మా అమ్మాయితో మాటామాటా పెరిగి, ఇక నా గడప తొక్కొద్దన్నాను. "ఫైన్, అమ్మా" అని వెళ్లిపోయింది. ఆ వారమంతా కూరలు తరిగినా, టీ తాగినా నేను వీధి తలుపు పక్కన కుర్చీలోనే. మా ఆయన నవ్వారు కూడా. నవ్వనీ. తలుపు వేయడం నాకూ వచ్చు. కానీ వేసిన తలుపు దగ్గరనుంచి లేచిపోను. అవతల నిలబడ్డ మనిషి చేతుల్లో ఏముందో నాకేం తెలుసు?