మచిలీపట్నం పాఠం, వాగు పక్క చేను

1986లో నేను భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఒక సర్కారు బడిలో సోషల్ టీచర్‌ని. మాది ముదిగొండ. ట్రాన్స్‌ఫర్ కోసం అడిగి అడిగి విసిగిపోయి ఉన్నాను. పిల్లల్లో సగం మంది కోయ ఇళ్ల వాళ్లు.

ఆ రోజు తొమ్మిదో తరగతికి, ఫ్రెంచివాళ్లు మన దేశంలో తమ ప్రాంతాలను ఇంగ్లీషువాళ్లకు పోగొట్టుకున్న పాఠం. లెసన్ ప్లాన్, అంటే పాఠానికి ముందు మేం రాసుకునే పథకంలో, ఇంగ్లీషువాళ్ల ఓడల బలం, ఫ్రాన్స్ నుంచి సాయం అందకపోవడం కారణాలుగా ఉన్నాయి. మన తీరమే కదా అని మచిలీపట్నం సంగతి కూడా కలిపాను. నిజాం ఆ తీరపు జిల్లాలను ఫ్రెంచివాళ్లకిచ్చాడు. ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం కోట పట్టుకోగానే, ఈసారి వాళ్లకివ్వడానికి ఒప్పందానికొచ్చాడు.

కుంజా లక్ష్మి లేచింది. క్లాసులో ఎన్నడూ నోరు విప్పని పిల్ల.

"సార్, మరి ఆడ దున్నుకునేటోళ్లను ఎవలన్న అడిగిన్రా?"

"లేదమ్మా. శిస్తు వసూలు చేసేవాళ్లు మారారు, అంతే."

"మా నాయనకు గట్లనే అయింది సార్."

బడి వదిలాక మెల్లగా చెప్పింది. వాళ్ల తాత వాగు పక్కన చేను చేసుకున్నాడు. దాన్ని ఊరి షావుకారు లాక్కున్నాడు. తర్వాత కోస్తా నుంచి వచ్చిన రైతు ఒకాయన అదే చేను కోసం షావుకారుతో తగాదా పడి, పెద్దమనుషుల పంచాయితీలో గెలిచాడు. ఆమె తండ్రి రామయ్య మొదట షావుకారుకు, ఇప్పుడు రైతుకు, తన చేలోనే కూలి.

సంతలో రామయ్యను కలిశాను. ఏజెన్సీలో, అంటే ప్రభుత్వం గిరిజన ప్రాంతంగా గుర్తించిన చోట, గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోతే అది చెల్లదని, దానికి చట్టం ఉందని, దరఖాస్తు పెట్టి చేను అడగొచ్చని చెప్పాను. రామయ్య ఒప్పుకోలేదు.

"దరఖాస్తు పెడితే ఉన్న కూలి కూడ పోతది సార్."

వారం తిరక్కుండానే ఆయనే బడికి వచ్చి, దరఖాస్తు పెడదాం పదండన్నాడు. ఆయనన్నట్టే కూలి పోయింది. బస్సుల్లో భూమి కేసు వాయిదాలకు తిరిగాం. నా సెలవులు అయిపోయాయి. జాగ్రత్తగా ఉండమని హెడ్‌మాస్టరు చెప్పారు. చివరికి రామయ్యకే అనుకూలంగా ఆర్డరు వచ్చింది. రైతు పైకోర్టుకెళ్లి స్టే, అంటే ఆర్డరు అమలు కాకుండా ఆపే ఉత్తర్వు, తెచ్చుకున్నాడు. అది తొలగేలోపు రామయ్య దగ్గుతో మంచం పట్టి పోయాడు. లక్ష్మి పదో తరగతి మధ్యలోనే మిరప తోటల్లో కూలికి వెళ్లింది.

స్టే తొలగాక, సర్వేయరు చేను కొలిచి అప్పగించిన రోజు నేనూ వెళ్లాను. లక్ష్మి గట్టు మీద కూర్చుని ఉంది. సంతోషమేనా అని అడిగాను.

"నాయన ఉంటే మంచిగుండేది సార్. ఇగ దున్నాలె."

చట్టం ఉందని చెప్పడం ఒక పీరియడ్ పని. అది చేను దాకా నడిచి రావడానికి రామయ్య ప్రాణం, లక్ష్మి చదువు ఖర్చయ్యాయి. అప్పటినుంచి ఎవరికి చట్టం గురించి చెప్పినా, అందులో ఎంత కాలం పోతుందో కూడా చెబుతున్నాను. విని వెనక్కి తగ్గినవాళ్లను తప్పు పట్టడం మానేశాను.