సీచెక్, కువిక్, పైడికంటి

ఎనభైల మొదట్లో మేము న్యూజెర్సీలో, ఐసెలిన్‌కు పది నిమిషాల దూరంలో, ఒక ఇంటి కింది భాగంలో అద్దెకుండేవాళ్ళం. పైన ఇంటివాళ్ళు, చెకోస్లొవాకియా నుంచి వచ్చిన ముసలి దంపతులు. ఆయన చెక్, ఆవిడ స్లొవాక్. ఒకరి భాష ఒకరికి పూర్తిగా అర్థమవుతుంది కాబట్టి వాళ్ళ పోట్లాటలకు ఏ ఆటంకమూ ఉండేది కాదు.

మా అమ్మ కాకినాడ నుంచి వచ్చి ఆరు వారాలయింది. ఒక ఆదివారం పొద్దున్న మా ఆవిడ దోసెలు పోస్తుండగా చిమ్నీలోంచి ఏదో గరగరమని జారి ఫైర్‌ప్లేస్‌లో పడింది. చూస్తే, ఒళ్ళంతా మసితో గుప్పెడంత గుడ్లగూబ.

అమ్మ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. “పైడికంటిరా. ఇల్లు వదిలెయ్యాలి. ఆర్నెల్లు.”

“లీజు ఉందమ్మా,” అన్నాను.

“లీజు సంగతి దానికి తెలుసా?”

పైకి వెళ్ళి ఇంటాయన్ని పిలిచాను. ఆయన స్నానం తువ్వాలు పట్టుకుని దిగాడు, వెనకే ఆవిడ.

“సీచెక్,” అన్నాడాయన.

“కువిక్,” అందావిడ.

ఇక పక్షి వైపు ఎవరూ కదల్లేదు. ముందు పేరు తేలాలి. బుసకొట్టే చప్పుడు నుంచి పుట్టిన పేరు తమదని ఆయన. కు-విక్, కు-విక్ అని తన పేరు అదే చెప్పుకుంటుంటే మధ్యలో మనమెవరమని ఆవిడ. అంతలో పక్షి ముక్కు టకటకలాడించింది. ఆ చప్పుడు ఏ పేరుకీ సరిపోలేదు.

“అమెరికా పక్షి. దీనికి చెక్ రాదు,” అన్నాడాయన.

అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ముఖాలు చదవడం వచ్చు. “వాళ్ళకీ చెడ్డదేనేమో అడగరా,” అంది. అడిగాను.

“మా ఊళ్ళో ఇది ‘పోద్, పోద్’ అని అరుస్తుంది,” అందావిడ. “రా, రా అని. ఎవరి కిటికీ దగ్గర అరిస్తే ఆ ఇంట్లో ఒకరు పోతారు.”

అమ్మకు చెప్పాను. “పోదాం, పోదాం అనా? అయితే తెలుగులోనే అరుస్తోంది కదరా!” అంది అమ్మ.

ఇంటాయన తల అడ్డంగా ఊపాడు. పాత రోజుల్లో రాత్రంతా దీపం వెలిగేది రోగి గదిలోనే. దీపానికి పురుగులొస్తాయి, పురుగుల కోసం పక్షి వస్తుంది. అంతకుమించి ఏమీ లేదన్నాడు.

“ఈయన మాట పట్టించుకోకు,” అందావిడ నాతో. “వీళ్ళ వైపు ఎప్పుడూ చెడే జరుగుతుందనే మనిషిని కూడా సీచెక్ అంటారు. ముప్పై ఏళ్ళుగా నాకు ఆ పక్షి కనబడలేదు. ఈయనే కనబడుతున్నాడు.”

ఆయన పక్షిని తువ్వాలులో చుట్టి పెరట్లో పైన్ చెట్టు మీద వదిలి వచ్చాడు.

పక్షి వెళ్ళింది గానీ ఆర్నెల్లు పోలేదు. గంటసేపు బేరమాడితే అమ్మ మూడు రోజులకు దిగింది. మోటెల్‌కు ఒప్పుకోలేదు. అప్పుడు ఇంటావిడ పైన ఒక గది ఖాళీగా ఉందంది. అమ్మ ఆలోచించింది. గుమ్మం వేరు, పొయ్యి వేరు. కాబట్టి ఇల్లూ వేరే. మెట్లెక్కి కాపురం మార్చాం.

రెండో రోజు మధ్యాహ్నం వంటగదిలో బంగాళాదుంపలు తొక్కతీస్తూ ఇంటావిడ ఉన్నట్టుండి అంది: “మా అమ్మ పోయినప్పుడు కువిక్ అరిచిందో లేదో నాకు తెలియదు. ఉత్తరం రెండు నెలలకు వచ్చింది.”

తెలుగులో చెప్పాను. అమ్మ ఆవిడ ముందున్న దుంపల్లో సగం తన వైపు లాక్కుని తొక్క తీయడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు పొద్దున్నే కిందికి దిగాం. మళ్ళీ ఇంట్లో చేరుతున్నాం కాబట్టి అమ్మ పాలు పెట్టింది. కొత్త ఇంట్లో చేరేవాళ్ళకు తమ దేశంలో ఇస్తారట, ఇంటావిడ రొట్టె, ఉప్పు పట్టుకొచ్చింది. గిన్నెలో పాలు పైకి రావడం చూసి, రొట్టె బల్ల మీద పడేసి, స్టవ్ కట్టేయడానికి పరుగెత్తింది. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“పొంగనీ అమ్మా. పొంగాలి.”

ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చెయ్యి విడిపించుకోలేదు. ఇద్దరూ అలాగే నిలబడి, పాలు స్టవ్ మీదంతా పొర్లేదాకా చూశారు.