పాప ఎక్కేసిన రైలు

ఆష్‌బర్న్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే సియాటిల్ బయల్దేరాను. మా ఆయన అక్కడ కొత్త ఉద్యోగంలో చేరి ఉన్నాడు. వచ్చి తీసుకెళ్తానన్నాడు కానీ, చేరీ చేరగానే సెలవు అడగడం బాగుండదని నేనే వద్దన్నాను. పాపకి మూడేళ్లు నిండాయి. బాబుకి ఇంకా పాకడం కూడా రాదు. ఒకే విమానంలో నేరుగా వెళ్లడానికి సీట్లు దొరక్క, మధ్యలో ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో మారి వెళ్లాల్సి వచ్చింది.

విమానం పైకి లేస్తూనే బాబు ఏడుపు అందుకున్నాడు. పాలసీసా నోట్లో పెట్టబోతే తల పక్కకి తిప్పేసుకున్నాడు. భుజాన వేసుకున్నాను, ఒళ్లో ఊపాను, ఏదీ పనిచేయలేదు. ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకి తిరిగాడు. ఏదైనా అనేస్తే బాగుండుననిపించింది.

"అమ్మా, వాడు స్టాప్ చెయ్యట్లేదు" అంది పాప, కిటికీ పక్క సీట్లోంచి.

నడవకి అవతల ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నూలు చీర మీద స్వెటర్, కాళ్లకి బూట్లు, పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టు.

"ఒక్కదానివే బయల్దేరావా, ఇద్దర్నీ వేసుకుని? మీ ఆయనేడీ?"

తెలుగు వినపడినందుకు ప్రాణం లేచి రావాల్సింది. నాకు మాత్రం కోపం వచ్చింది. "సియాటిల్‌లో ఉన్నారండీ" అని మొహం తిప్పుకున్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

"చెవులు పట్టేసుంటాయి. సీసా వద్దు. చెయ్యి తుడుచుకుని నీ చిటికెన వేలు నోట్లో పెట్టు. చప్పరిస్తే సర్దుకుంటుంది. నేను పిల్లల డాక్టర్నేలే, ఇప్పుడు రిటైరయ్యాను."

పెట్టాను. కాసేపటికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. ఆ తర్వాత పాపని నా సీట్లోకి, నడవ వైపుకి రప్పించుకుని, నాప్‌కిన్లతో పడవలు చేసి ఇస్తూ దారంతా కబుర్లు చెప్పిందావిడ. దిగేలోపు పాప ఆవిణ్ని అమ్మమ్మని చేసేసుకుంది.

విమానం ఆలస్యంగా దిగింది. ఆవిడ వచ్చింది ఆ ఊళ్లోనే ఉన్న కూతురి దగ్గరికి. పాప బుగ్గ నిమిరి, జాగ్రత్తమ్మా అని నాకు చెప్పి వెళ్లిపోయింది. నేను పిల్లల్ని తోసే స్ట్రోలర్ బండి కోసం విమానం తలుపు దగ్గర నిలబడి, అది చేతికి రాగానే పరుగులాంటి నడక అందుకున్నాను. మా రెండో విమానం ఇంకో టెర్మినల్‌లో ఉంది. అక్కడికి నేలకింద నడిచే చిన్న రైలెక్కాలి. బాబు క్యారియర్‌లో నా గుండెలకి కట్టి ఉన్నాడు. స్ట్రోలర్ నిండా సంచులు. పాప చెయ్యి నా చేతిలో.

ప్లాట్‌ఫారమ్ మీదికి చేరేసరికి రైలు తలుపులు తెరిచి ఉన్నాయి. అప్పుడే భుజం మీది సంచి జారి, సీసా కింద పడి దొర్లింది. "స్ట్రోలర్ పట్టుకో, వదలకు" అని పాపకి చెప్పి వంగాను. సీసా అందుకుని లేచేసరికి పాప పక్కన లేదు.

"అమ్మమ్మా!" అన్న కేక వినపడింది. మనుషుల కాళ్ల మధ్య పసుపు గౌను రైల్లోకి దూరడం చూశాను. స్ట్రోలర్ తోసుకుంటూ ఉరికాను. తలుపులు నా ముందే మూసుకున్నాయి. అద్దం మీద అరచేత్తో కొట్టాను. లోపల ఎవరో తలతిప్పి చూశారు. రైలు వెళ్లిపోయింది.

ఆవిడ నిజంగా ఆ రైల్లో ఉందో లేదో నాకు తెలీదు. నేను చూడలేదు. తెల్లజుట్టున్న ఇంకెవరినో చూసి పాప పొరబడిందేమో. ఇన్నేళ్లుగా ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీష్ ఒక్క ముక్క నోటికి రాలేదు. "మా పాప, మా పాప" అని తెలుగులోనే అరుస్తున్నాను.

ఒకాయన దగ్గరికొచ్చి, ఇక్కడే ఉండు, ఎవరో ఒకరు వెనక్కి తీసుకొస్తారన్నాడు. ఒకమ్మాయి గోడకున్న ఎమర్జెన్సీ ఫోన్ అందుకుంటూ, వెళ్లు, తర్వాతి స్టాప్‌లో చూడు అంది. ఉంటే, పాప అక్కడొక్కతే ఉండిపోతుందేమో. వెళ్తే, ఇద్దరం ఎదురెదురు రైళ్లలో దాటిపోతామేమో. ఆ రైలు చివరికి బయటికి వెళ్లే దారి దగ్గర ఆగుతుంది. దాని అవతల రోడ్డు. అది తలుచుకున్నాక నిలబడలేకపోయాను. వచ్చిన రైలెక్కేశాను.

విమానంలో అంత ఏడ్చిన బాబు అప్పుడు నిద్రపోయాడు. నా గుండె కొట్టుకునే చప్పుడుకి లేవడేమని ఆశ్చర్యపోయాను.

తర్వాతి స్టాప్‌లో పసుపు రంగు ఎక్కడా లేదు. ఎయిర్‌పోర్ట్ ఉద్యోగిని ఒకామె కనిపిస్తే చెయ్యి పట్టేసుకున్నాను. పసుపు గౌను, మూడేళ్లు, రెండు పిలకలు అని ఎలాగో చెప్పాను. ఆమె భుజం మీదుగా చెయ్యి తిప్పి చీరకట్టు చూపించింది. అలాంటి బట్టలు కట్టుకున్న పెద్దావిడ ఒక పాపని తీసుకుని ఇప్పుడే వెనక్కి వెళ్లే రైలెక్కిందని చెప్పింది.

ఎదురు ప్లాట్‌ఫారమ్ వైపు పరిగెత్తబోతే ఆమె భుజం పట్టుకుని ఆపేసింది. వాళ్లనే ఇక్కడికి పంపించమని రేడియోలో చెప్తాను, నువ్వు కదలకు అంది.

కదలకుండా నిలబడటమంత కష్టం నేనెప్పుడూ పడలేదు. రైలొచ్చింది. అందరూ దిగారు, వాళ్లు లేరు. ఇంకోటి వచ్చింది. పెట్టెలు లాక్కుంటూ దిగుతున్న మనుషుల వెనక చీర అంచు కనిపించింది. ఆవిడ పాప మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది.

"అమ్మా, నువ్వెక్కడికి వెళ్లిపోయావ్? వుయ్ వర్ లుకింగ్ ఎవ్రీవేర్!" పాప నామీద కోపంగా ఉంది.

అక్కడే నేలమీద కూలబడి దాన్ని పట్టుకున్నాను. మధ్యలో నలిగి బాబు లేచాడు.

"తలుపులు మూసుకున్నాక కొంగెవరో లాగితే చూశానమ్మా. నా గుండె ఆగినంత పనైంది" అందావిడ. "దిగి నీకోసం చూశాను. నువ్వక్కడే ఉంటావనుకుని వెనక్కి తీసుకెళ్లాను."

"ఉండలేకపోయానండీ."

"ఎలా ఉంటావులే." ఆవిడ స్ట్రోలర్ నా వైపు తిప్పింది. "లే, ముందు నీ ఫ్లైట్ చూసుకుందాం."

వద్దంటున్నా వినకుండా పాపని పట్టుకుని మాతో గేటు దాకా నడిచింది. మధ్యలో కూతురు ఫోన్ చేస్తే, "కంగారుపడకే, వస్తున్నా. ఇక్కడ మనవాళ్లు కనబడ్డారు" అంది. గేటు దగ్గర అందరూ ఎక్కేసి ఉన్నారు. పాప ఆవిణ్ని వదలనని మారాం చేసింది. ఎత్తుకుని లోపలికి పరిగెత్తాను. ఆవిడ పేరైనా అడగలేదని సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది.

సియాటిల్ దాకా బాబు మళ్లీ ఏడుస్తూనే ఉన్నాడు. ఈసారి ఎవరు చూస్తున్నారో నేను చూడలేదు. పాప నిద్రపోయింది. బెల్టు పెట్టి ఉన్నా దాని కాలిమడమ నా గుప్పిట్లోనే ఉంచుకున్నాను.

మా ఆయన బయట ఎదురుచూస్తున్నాడు. ప్రయాణం ఎలా జరిగిందని నన్నడిగాడు. పాపే ముందు చెప్పింది.

"డాడీ, నేను ట్రైన్ ఎక్కాను. అమ్మ మిస్సయిపోయింది!"

ఆయన గట్టిగా నవ్వాడు. తర్వాత నా మొహం చూసి ఆగిపోయాడు. బాబుని క్యారియర్‌లోంచి తీసుకుని, రెండో చెయ్యి నా వీపు మీద వేశాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.