తెరకు వీపు తిప్పి కూర్చున్న పంతులమ్మ

మీ పిల్లలు మీతో తెలుగులో ఒక పూర్తి వాక్యం, కర్త నుంచి క్రియ దాకా, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు? "అమ్మా, వాటర్" అన్నది లెక్కలోకి రాదు. "నాన్నా, కమ్ హియర్" అసలే రాదు. సిడ్నీలోని క్వేకర్స్ హిల్‌లో ఉదయలక్ష్మి ఈ ప్రశ్న వేసినప్పుడల్లా తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఆ వెంటనే పార్కింగ్ దొరకడం ఎంత కష్టమైపోయిందో చెప్పుకునేవారు.

ఉదయలక్ష్మికి యాభై రెండేళ్లు. పుట్టి పెరిగింది తెనాలిలో. ఈ దేశానికి వచ్చి ఇరవై మూడేళ్లయింది. వారంలో అయిదు రోజులు ఒక ఆసుపత్రి లాబొరేటరీలో రక్తపు నమూనాలు పరీక్షిస్తుంది. శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా, తెలుగు బడి వారు అద్దెకు తీసుకున్న హాల్లో పదకొండు మంది పిల్లలకు తెలుగు చెబుతుంది. గాజుగొట్టాల నిండా మనుషుల నెత్తురు పొద్దస్తమానం చూసినా చెయ్యి వణకని ఈ మనిషికి, తెర మీద జుట్టు విరబోసుకున్న దయ్యం కనబడితే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. చిన్నప్పుడు పిన్ని కూతుళ్లతో అలాంటి సినిమాకు వెళ్లి, విశ్రాంతి గంట కొట్టకముందే చెప్పులు హాల్లో వదిలేసి ఇంటికి పరుగెత్తింది. ఆ తరువాత నలభై ఏళ్లపాటు అటువంటి సినిమా పోస్టరు ఉన్న గోడ పక్కనుంచి కూడా నడవలేదు.

ఇటువంటి మనిషి తరగతిలోకి దయ్యాలు ఎలా వచ్చాయన్నది తెలియాలంటే గత ఏడాది ఏప్రిల్ నెలకు వెళ్లాలి.

ఇక్కడ ఏప్రిల్ అంటే ఆకులు రాలే కాలం. ఆ నెల మొదటి ఆదివారం గడియారాలన్నీ ఒక గంట వెనక్కి తిరుగుతాయి. ముందురోజు ఇంచుమించు ఏడు దాకా వెలుగున్న ఊరు, మర్నాడు ఆరు కొట్టేసరికి చీకట్లో మునుగుతుంది. దయ్యాల పండగ హాలోవీన్ కోసం దుకాణాలవాళ్లు ప్లాస్టిక్ అస్థిపంజరాలు వేలాడదీసేది అక్టోబరులోనే అయినా, అప్పుడిక్కడ వసంతం; మిట్టమధ్యాహ్నపు ఎండలో పళ్లికిలించే దయ్యాన్ని చూసి ఎవరు జడుసుకుంటారు? పైగా ఆ హాలుకు ఆరు నిలువెత్తు కిటికీలు, ఒక్కదానికీ పరదా లేదు. ప్రొజెక్టర్ వేసిన బొమ్మ గోడ మీద కనిపించాలంటే బయట పొద్దు కుంకాలి. జూన్ వచ్చిందంటే హీటరు లేని ఆ హాల్లో కూర్చోవడం ఎవరి తరమూ కాదు, తరగతి ఆన్‌లైన్‌కు మారుతుంది. అందుచేత అక్కడ సినిమా వెయ్యగలిగిన రుతువు ఏడాది మొత్తంలో ఇదొక్కటే.

పద్యాలకు ఆవలింతలు, గుణింతాలకు గోడ గడియారం వంక చూపులు. విసిగిపోయిన ఉదయలక్ష్మి ఆ ఏప్రిల్‌లో పిల్లలకొక మాట ఇచ్చింది: చివరి అరగంట తెలుగు సినిమా వేస్తాను, ఏ సినిమా అన్నది మీరే చేతులెత్తి తేల్చండి. పౌరాణికానికి ఒక చెయ్యి లేచింది. దయ్యాల సినిమాకు పది లేచాయి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు. ఓటు వెయ్యమని పిలిచి, లెక్క నచ్చలేదని పెట్టె మూసెయ్యడం ఏ నీతి?

సినిమాను ముందుగా చూసి, పిల్లలకు తగని చోట్లు గుర్తుపెట్టి ఉంచే బాధ్యత ఆమె భర్త రాజారావు మీద పడింది, ఎందుకంటే ఆమె చూడలేదు. ఆయన సోఫాలో జంతికల గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం దాకా దాటెయ్యాలో కాగితం మీద రాసి ఇచ్చాడు. ఇందులో భయపడాల్సింది హీరో నటన ఒక్కటేనని కూడా కింద రాశాడు.

శనివారం వచ్చింది. దీపాలు ఆరాయి. పాత బంగళా, కిర్రుమనే తలుపు, లోపల ఎవరో మూలిగిన చప్పుడు. ఉదయలక్ష్మి కుర్చీని గిరుక్కున తిప్పి, తెరకు వీపు పెట్టి, పిల్లలకు ఎదురుగా కూర్చుంది. కళ్లు మూసుకుంది. చెవులు మూసుకోవడానికి ఆలస్యమైంది. వెనక నుంచి ఒక కేక వినబడేసరికి, ఏమైంది, ఏమైంది అని అడిగింది. పిల్లలందరూ ఒక్కసారిగా ఇంగ్లీషులో అరిచారు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

"నాకు భయమేసినప్పుడు ఇంగ్లీషు ఎక్కదర్రా. తెలుగులో చెప్పండి, మీకు పుణ్యముంటుంది" అంది.

అది పాఠం చెప్పే ఎత్తుగడ కానే కాదు, పచ్చి నిజం. పిల్లలకు ఆ సంగతి ఆమె మొహంలో కనబడింది. ఎదుట పెద్దమనిషి నిజంగా వణికిపోతోంది. ఆమెకు ధైర్యం చెప్పగలిగే దారి తెలుగు ఒక్కటే.

"ఆంటీ, అది... తలుపు. తలుపు తీసింది" అన్నాడొకడు.

"తీసింది కాదు, తెరుచుకుంది. బై ఇట్‌సెల్ఫ్. తనకు తనే" అని ఇంకొకరు సవరించారు.

అప్పటిదాకా నోరు విప్పని తొమ్మిదేళ్ల తన్మయి, ఏడాది మొత్తంలో "వద్దు", "ఆకలి" తప్ప మూడో మాట ఆడని తన్మయి, ముందుకు వంగి ఉదయలక్ష్మి మోచెయ్యి పట్టుకుంది.

"భయపడకండి ఆంటీ. ఆవిడ ఇంకా దూరంగానే ఉంది. వచ్చేటప్పుడు నేను చెప్తాను."

ఉదయలక్ష్మి కళ్లు తెరిచింది. గుండె దడదడలాడుతూనే ఉంది, కానీ అది దయ్యం వల్ల మాత్రమే అనుకోవడానికి వీల్లేకపోయింది. మూడు వాక్యాలు. మూడింటికీ క్రియ ఉంది. భవిష్యత్కాలం కూడా ఉంది.

ఆనాటి నుంచి అదే పద్ధతి. ఒక్కో సినిమాను అరగంట ముక్కలుగా కోసి నాలుగైదు శనివారాలు నడిపేవారు. పంతులమ్మ తెరకు వీపు తిప్పి కూర్చుంటుంది, జరిగేదంతా పిల్లలు చెప్పాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, చేతిలో ఏముంది, మెట్లు ఎక్కుతోందా దిగుతోందా, దీపం ఆరిందా ఎవరైనా ఆర్పారా. ఒక్క మాట తప్పుగా పడితే ఆమె బెదిరిపోయి తప్పు దిక్కుకు తిరిగి చూస్తుంది, పిల్లలు లబలబలాడుతూ దిద్దుతారు. ఆమె కూడా ఊరుకునేది కాదు. దయ్యం కట్టింది చీరా, లంగా ఓణీయా, అంచు ఏ రంగు అని నిలదీసేది. వారమంతా పిల్లలు మాటలు పోగుచేసుకునే స్థితికి వచ్చారు. "గొళ్ళెం" అన్న మాట కోసం ఒకడు బడి నుంచి వస్తూనే తల్లికి ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆ తల్లి మీటింగు మధ్యలోంచి లేచి వెళ్లి మరీ జవాబు చెప్పింది.

ఇక ఉదయలక్ష్మి సంగతి. గురువారం సాయంత్రం నుంచే ఆమె స్నానాలగదిలో అద్దం మీద తువ్వాలు కప్పేది. "మానెయ్యొచ్చు కదా" అని రాజారావు అంటే, ఈ వారం తన్మయి 'ఒకవేళ' అన్న మాట వాడిందండీ అని చెప్పేది. ఆయన మరో సినిమా ముందేసుకునేవాడు.

ఈ ఏడాది మే నెలలో అసలు ముప్పు వచ్చింది. సిడ్నీలోనే ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో వివేక్ అనే యువకుడు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. వివేక్ తన్మయికి మేనమామ, తల్లి వైశాలికి సొంత తమ్ముడు. అరవై మంది చుట్టాలూ స్నేహితులూ వచ్చారు. పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు, పొయ్యి మీద పాలు కాగుతున్నాయి, అందరూ పొంగు కోసం చూస్తున్నారు. అలా ఖాళీగా నిలబడ్డ ఘడియలో ఇక్కడి పెద్దవాళ్లు ఒక పని తప్పకుండా చేస్తారు: ఇక్కడ పుట్టిన పిల్లనెవరినో పట్టుకుని, ఏదీ తల్లీ, తెలుగులో ఏదైనా చెప్పు అంటారు. ఆ పిల్ల సిగ్గుపడుతుంది, తల్లి నవ్వి మాట దాటేస్తుంది, పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. ప్రతి వేడుకలోనూ జరిగే తంతే అది. ఈసారి వాళ్లు పట్టుకున్నది తన్మయిని.

తన్మయి సిగ్గుపడలేదు. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని చెప్పింది:

"ఈ ఇంట్లో మెట్ల కింద ఒక అలమార ఉంది. అందులో ఒకావిడ కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. ఆవిడ మనకంటే ముందు నుంచీ ఇక్కడే ఉంది. పాలు పొంగగానే గొళ్ళెం తీసుకుని బయటికి వస్తుంది."

పాలు పొంగాయి.

పంతులుగారి మంత్రం ఆగిపోయింది. అరవై మంది తలలు మెట్ల కింది అలమార వైపు తిరిగాయి. ఒక పెద్దావిడ తథాస్తు దేవతలు పైన తిరుగుతుంటారని గుర్తు చేసి, పిల్ల నోటి మీద చెయ్యి పెట్టింది. వివేక్ అందరి ముందూ అలమార తెరిచి, లోపల వాక్యూమ్ క్లీనర్ తప్ప ఎవరూ లేరని చూపించవలసి వచ్చింది. పంతులుగారు మరో శాంతి మంత్రం అదనంగా చదివారు. వైశాలి తల ఎత్తలేదు.

మంగళవారం సాయంత్రం తెలుగు బడి కమిటీ సమావేశమైంది. అధ్యక్షులు ద్వారకానాథ్ గారు రిటైరైన ఇంజనీరు. పదిహేనేళ్లుగా ఆ బడిని తన భుజాల మీద మోస్తున్న మనిషి, అందులో అబద్ధం లేదు. ఆయన ఎదుట ఒక కాగితం సిద్ధంగా ఉంది. ఇకపై తరగతిలో సినిమాలు వెయ్యను, అక్షరమాల, పద్యాలు, నీతికథలకే పరిమితమవుతాను అన్న హామీ. ఉదయలక్ష్మి సంతకం పెడితే సరే, లేకపోతే తరగతి వేరొకరికి అప్పగిస్తారు.

వైశాలి తన బాధ చెప్పుకుంది. శుభమా అని ఇంట్లో అడుగు పెడుతుంటే అటువంటి మాటలేమిటన్నది. తమ్ముడి భార్య ఆ అలమార దగ్గరికి వెళ్లడం మానేసిందన్నది. ద్వారకానాథ్ గారు కోప్పడలేదు, ఆయన చెప్పినదాంట్లో న్యాయమూ ఉంది. పిల్లల నిద్రలు చెడగొట్టే హక్కు బడికి లేదన్నారు. తల్లిదండ్రులను ముందుగా అడగకపోవడం తప్పేనని ఉదయలక్ష్మి కూడా ఒప్పుకుంది.

ఆ తరువాత ఒక్కటే అడిగింది. "అందరం మాట్లాడాం. ఆ పిల్లని ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. ఎవరి గురించి తీర్పు చెబుతున్నారో ఆ మనిషి మాట వినకుండానే కాగితం టైపు చేసుకొచ్చారు. తన్మయి పక్క గదిలోనే బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. వైశాలే లేచి పిలుచుకొచ్చింది.

"రాత్రిళ్లు భయమేస్తోందా అమ్మా?" అని ద్వారకానాథ్ గారు మెల్లగా అడిగారు.

"నో. నాకు కాదు, ఆంటీకి భయం."

"మరి మామయ్య ఇంట్లో అలా ఎందుకు అన్నావు?" అంది వైశాలి.

తన్మయి తల్లి వంక వింతగా చూసింది. "వాళ్లే అడిగారు కదా, తెలుగులో ఏదైనా చెప్పమని. ఎప్పుడూ అడుగుతారు. నాకు ఎప్పుడూ రాదు. నువ్వు శాడ్ అవుతావు. ఈసారి వచ్చింది, చెప్పాను. పాలు నేనే కలిపాను, సినిమాలో లేవు."

వైశాలి కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఆమె తల మీద గడ్డం ఆనించింది.

ద్వారకానాథ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పిల్ల బాగా మాట్లాడింది, సంతోషమే. కానీ బడికొక మర్యాద ఉంది, మిగతా తల్లిదండ్రులకు తాను జవాబు చెప్పుకోవాలి, కాగితం కాగితమే అన్నారు. పెన్ను ఆమె వైపు జరిపారు.

ఉదయలక్ష్మి పెన్ను అందుకుంది. సంతకం పెట్టాలని ఆమెకు నిజంగా అనిపించింది. పెడితే గురువారాలు ప్రశాంతంగా గడుస్తాయి. అద్దానికి తువ్వాలు అక్కర్లేదు. ఎవరి మనసూ నొచ్చుకోదు, హాలు ఉంటుంది, బడి గుర్తింపు ఉంటుంది, వెనక నుంచి మూలుగులు ఉండవు. పెట్టకపోతే పదకొండు మందిలో ఎందరు మిగులుతారో తెలియదు, ఒక్కరే మిగలవచ్చు. ఆమె ఆ లెక్కంతా వేసుకుంది. అప్పటికి తన్మయి, తల్లి గడ్డం కింద నుంచి తల బయటపెట్టి, ఇంటికి ఎప్పుడు వెళ్దాం అని అడుగుతోంది. తెలుగులో అడుగుతోంది. వైశాలి జవాబు మరిచిపోయి వింటోంది.

ఉదయలక్ష్మి పెన్ను మూత పెట్టేసింది.

"నేను సంతకం పెట్టనండీ, ద్వారకానాథ్ గారూ. ఈ శనివారం నుంచి తరగతి మా ఇంటి గరాజ్‌లో. రావాలనుకున్న పిల్లలు రావచ్చు, వాళ్లతో అమ్మో నాన్నో తప్పకుండా వచ్చి పక్కన కూర్చోవాలి. సినిమా ఏదో ముందే రాసి పంపిస్తాను, వద్దన్నవాళ్ల పిల్లకి ఆ రోజు వేరే పాఠం. ఒక్కరు వచ్చినా సరే, వేస్తాను."