చింతపండుతో తోమిన వరహా

వందల ఏళ్ళపాటు యుద్ధాలనూ దొంగలనూ అన్నదమ్ముల పంపకాలనూ తట్టుకుని క్షేమంగా బతికిన ఒక బంగారు వరహా, ఒక్క శనివారం మధ్యాహ్నం నా చేతికి చిక్కి ఏమైపోయిందో చెప్తాను. వినేముందు మీ ఇంట్లో పాత నాణేలేవైనా ఉంటే నాలాంటి అల్లుడికి అందని ఎత్తులో పెట్టి రండి. నేను ఆగుతాను.

పెట్టారా? సరే.

నేను కేజీయఫ్‌లో, అదే కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టాను. గనులు మూతపడి పదేళ్ళు దాటినా, బంగారం మీద మా ఊరివాళ్ళ హక్కు మాత్రం మూతపడలేదు. బెంగళూరులో నగల దుకాణంలో అడుగుపెట్టినా, "ఇదంతా మేం తవ్విందే కదా" అన్నట్టు నడుస్తాం. నిజానికి గని ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన మా నాన్న, ఉద్యోగమంతా చేసి చూసిన బంగారం మా అమ్మ మెడలోదే. నా అనుభవం ఇంకా గొప్పది. చిన్నప్పుడు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీంచి జారి లాగులు చింపుకున్నాను. దానికి తోడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. పొగరుకు ఇంకేం కావాలి?

మా మామగారు నంగలి ఊళ్ళో రిటైరైన బడి అయ్యవారు. పాత నాణెం ఉందంటే పెళ్ళి పంక్తిలో పాయసం వదిలేసి లేచిపోయే మనిషి. ఊళ్ళో ఆయన్ను "చిల్లర అయ్యవారు" అని మొహానే పిలిచేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ ఒక్కసారైనా బెంగళూరు నాణేల ప్రదర్శనలో, పోటీకి పెట్టే అద్దాల బల్ల పక్కన, అయ్యవారిగా కాదు, నాణెం గల మనిషిగా నిలబడాలని ఆయన కోరిక. అందుకే వాళ్ళవ్వ ఇచ్చిన వరహాను పరీక్షకు పంపించాడు. చింతగింజంత వరహా, అరచేయంత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలయి తిరిగొచ్చింది. అది అసలైనదనీ, ఎంత చెడకుండా ఉందో దానికి ఇన్ని మార్కులనీ లోపల చీటీ మీద అచ్చువేశారు.

ప్రదర్శన ఆదివారం. పొద్దున రైలు మా ఊరినుంచే కాబట్టి, పుట్టింటికి వెళ్ళొస్తున్న నా భార్య సుజాత చేతికి పెట్టె ఇచ్చి పంపి, తను శనివారం సాయంత్రం వస్తానని ఫోన్ చేశాడు.

"ఇంగ ఎవురికీ అనుమానం ఉండదప్పా. అసలైన బంగారమని వాళ్ళే రాసిచ్చినారు. పెట్టె మాత్రం పగలకూడదు. పగిలితే ఆ మార్కులు పోయినట్టే. పోటీకి సీలుండేవే తీసుకుంటారు."

నేను తల ఊపాను. ఫోన్‌లో తల ఊపడమేమిటని అడక్కండి. తల ఊపడానికీ వినడానికీ సంబంధం లేదని పెళ్ళైన మగవాళ్ళకు తెలుసు.

శనివారం మధ్యాహ్నం సుజాత మార్కెట్‌కు వెళ్ళింది. పక్కింటి ఆంతోణి వచ్చాడు. వాళ్ళ నాన్న గనిలోకి దిగినవాడు. ఇద్దరం ఒకే బడి, ఒకే దిబ్బ.

"ఏం మచ్చా, ఆ డబ్బీలో ఏముండాది?"

"వరహా. అసలైన బంగారం."

"ఎవురు చెప్పినారు?"

"చీటీ ఉండాది చూడు."

ఆంతోణి పడీపడీ నవ్వాడు. "అయ్యో ఏసప్పా! కేజీయఫ్ వోడికి బంగారమని చీటీ చెప్పాల్నా? మా నాయన వింటే సమాధిలోంచి లేసొస్తాడు. నువ్వు చేత్తో పట్టి చెప్పలేవా?"

"ఎందుకు చెప్పలేను? పెట్టె అడ్డముండాది."

"అడ్డముండాదా? సరేలే."

ఆ 'సరేలే' ఉంది చూశారూ, అది మా ఊరి పౌరుషం మీద పడ్డ నిప్పురవ్వ. హాక్సా బ్లేడు తెచ్చాను. పెట్టె తాబేలు డిప్పలా మొండికేసింది. సుత్తి తెచ్చాను. పెట్టె ఫట్టుమంది. వరహా కప్పపిల్లలా ఎగిరి గ్రైండరు కింద దూరింది.

చీపురుతో దాన్ని బయటికి లాగి, కడప బండ మీద పడేసి చెవి ఒగ్గాం.

"సౌండు బాగుండాది. మా చర్చి గంట మాదిరి," అన్నాడు ఆంతోణి.

"ఇంగ గీటురాయి మీద చూస్తాం."

మా అవ్వ గీటురాయి మీద అంచును గీశాను. ఒక గీత చాలు. కానీ కెమిస్ట్రీ వాణ్ణి కదా, సగటు తీయాలి. నాలుగు పక్కలా గీశాను.

"బంగారమే!" అన్నాను, గనిని నేనే కనిపెట్టినట్టు.

"బంగారమే గానీ, మూలల్లో మురికి ఉండాదే మచ్చా. పోటీకి ఇట్లనే పంపిస్తావా? పాపం పెద్దాయన."

ఆంతోణి ఈ మాట మంచి మనసుతోనే అన్నాడు. నేనూ మంచి మనసుతోనే చింతపండు నానబెట్టాను. పాత టూత్‌బ్రష్షు, చిటికెడు సోడా. తోమగా తోమగా వరహా కొత్త చొక్కా గుండీలా తళతళలాడింది. మామ ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుని నాకే కళ్ళు చెమర్చాయి.

అప్పుడు సుజాత వచ్చింది. గ్రైండరు పక్కన ప్లాస్టిక్ ముక్కలు, నా చేతిలో బ్రష్షు.

"ఏం చేసినారు మీరు?"

"టెస్ట్."

"పెట్టె పగిలితే పోటీకి తీసుకోరని నాయన చెప్పలేదా? ఆయన బస్టాండులో దిగినాడు. వచ్చేస్తా ఉండాడు."

అప్పుడు వినబడింది నాకు ఫోన్‌లో మామ చెప్పింది, రెండు రోజులు ఆలస్యంగా. ఆంతోణికి ఇంట్లో పాలు పొంగుతున్నాయని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు. నేను జిగురు పట్టుకుని కూర్చున్నాను. మామ చెప్పులు గడపలో విడిచేసరికి పెట్టె అతుక్కుంది. చీటీ తలకిందులుగా అతుక్కుంది. నా బొటనవేలు కూడా అతుక్కుంది.

మామ చేయి చాపాడు. పెట్టె ఇవ్వాలంటే నేను కూడా వెళ్ళాలి, వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"తోమినావా అప్పా?"

"మురికి ఉండాదని... చింతపండుతో, మామా."

"మురికి కాదప్పా అది. దాని వయసు."

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆయన వేడినీళ్ళు తెమ్మని, నా వేలినీ, పెట్టెలోంచి వరహానూ మెల్లగా విడదీసి, ఒక్క మాటన్నాడు. "పొద్దున రైలుకు లేయి. నువ్వూ వస్తావు."

ప్రదర్శన హాల్లో ఒక పెద్దమనిషి భూతద్దం పెట్టి వరహాను తిప్పి తిప్పి చూసి చీటీ రాశాడు: "అసలైనదే. తోమేశారు. గీతలున్నాయి." పోటీకి కుదరదన్నాడు. అంత దూరం వచ్చారు కదా అని, మూలన నీళ్ళ డ్రమ్ము పక్కన ఒక చిన్న బల్ల చూపించాడు. అద్దం లేదు, దీపం లేదు. మామ ఆ చీటీ మీద వరహా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను డ్రమ్ము వెనక్కి జరిగాను. అందులో మునగడానికి కూడా సిద్ధమే.

బడివాళ్ళతో ప్రదర్శన చూడవచ్చిన ఒక పిల్ల నీళ్ళు తాగడానికొచ్చి ఆగింది. హాలంతా 'ముట్టుకోరాదు' బోర్డులు చూసి విసిగిపోయినట్టుంది.

"తాతా, పట్టుకోవచ్చునా?"

మామ వరహా వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఇంగ దీనికి భయమేముండాదమ్మా," అని ఆ పిల్ల అరచేతిలో పెట్టాడు. "మెల్లగా చూడు. ఇది దేవుడు, పక్కన అమ్మవారు. మీ అవ్వకు అవ్వ, ఆమెకు అవ్వ, వాళ్ళ చేతుల్లో తిరిగింది ఇది."

ఆ పిల్ల పరుగెత్తి బడినంతా పిలుచుకొచ్చింది. కాసేపట్లో వరుస గుమ్మం దాటింది. ఒకరికి కన్నడంలో, ఒకరికి తెలుగులో మామ పాఠం చెప్తూనే ఉన్నాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. అద్దాల బల్లల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, పిల్లల వెనక వరుసలో నిలబడ్డారు. భూతద్దం పెద్దమనిషితో సహా!

"దీన్ని పెట్టెలోంచి తీసింది ఎవరండీ?" అని ఆయనే అడిగాడు.

మామ డ్రమ్ము వెనకనుంచి నన్ను బయటికి లాగి, భుజమ్మీద చెయ్యి వేశాడు.

"మా అల్లుడు. కేజీయఫ్. మీరు చీటీలో రాసిందే వీడికీ సరిపోతాది సార్. అసలైనోడే. గీతలుండాయి, అంతే."

నాకు యూనివర్సిటీ వాళ్ళు పట్టాలిచ్చారు. ఈ మార్కుల ముందు అవెంత? రైలంతా తల ఎత్తుకునే వచ్చాను.

అయినా లోకక్షేమం కోరి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సీలున్న వస్తువును ఈ జన్మలో తెరవను. బిస్కెట్ ప్యాకెట్ కూడా సుజాతే విప్పుతుంది. చింతపండును రసంలో తప్ప ముట్టను. ఎవరైనా నాణెం చూపించి ఇది బంగారమేనా అని అడిగితే, చేతులు వెనక్కి కట్టుకుని, గుమ్మం అవతలే నిలబడి, కేజీయఫ్ వాడి ఠీవితో చెప్తాను:

"చీటీలో ఏముండాదో చదవండి."