రాదిసావ్ బొజ్జ, రాదిసావ్ కండ

రాదిసావ్‌కి క్లోమంలో గడ్డ ఉందని తేలినప్పుడు ఆ వీధిలో ఎవరూ పెద్దగా బెంబేలెత్తలేదు. కారణం ఆయన బొజ్జ. లావుపాటివాడు చిక్కేలోగా బక్కవాడు చస్తాడని సెర్బియాలో సామెత. పొరుగింటి స్తామెంక వచ్చి ఆ బొజ్జను ఎగాదిగా చూసి, "నీకేం భయం వదినా, అన్నయ్య దగ్గర బోలెడు నిల్వ ఉంది" అని తేల్చేసింది. ఇలాంటివాళ్లు వీధికొకరుండగా వైద్య కళాశాలలు ఎందుకు దండగ!

ఆయన భార్య వీదోసావ కూడా అదే నమ్మింది. ఆ బొజ్జ ఆమె చేతి చలవ మరి. రాదిసావ్ బతుకంతా బస్సు నడిపాడు, అంటే బతుకంతా కూర్చున్నాడు. ఉద్యోగం అయిపోయాక సీటు మారింది, కూర్చోవడం మారలేదు.

బెల్‌గ్రేడ్‌లో ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ మాత్రం బొజ్జను లెక్కచేయలేదు. "చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి" అంది. ఆయన ఊగాడు, మూలిగాడు, లేవలేకపోయాడు. "కుర్చీ మంచిదమ్మా, వదలనంటోంది" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. స్కానింగ్ బొమ్మ చూపించి, "వెన్ను పక్కన ఇదిగో, మీ కండ ఇంతే మిగిలింది. ఉన్నదాన్ని జబ్బు తినేస్తోంది. కోసి కుట్టడం నా పని. ఆ తర్వాత పుండు మానాలన్నా, దగ్గి కఫం తియ్యాలన్నా, లేచి నడవాలన్నా ఆ కండే దిక్కు. అది లేకపోతే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. ఆపరేషన్ దాకా గుడ్లూ మాంసమూ తినండి, రోజూ నడవండి, కుర్చీలోంచి లేచి కూర్చుంటూ ఉండండి" అని చెప్పింది. మొత్తానికి పైన పటారం, లోన లొటారం అన్నమాట.

వీదోసావ చెవికి ఎక్కింది తిండి ఒక్కటే. అదీ సగమే. జబ్బు మనిషికి మాంసం అరగదని కోడి చారు వడగట్టి నీళ్లు ఆయనకు పోసింది, ముక్కలు తను తింది. ఇక నడకా! కిటికీకీ తలుపుకీ మధ్య వీచే గాలి యుద్ధాలకన్నా ఎక్కువమందిని చంపిందని ఆ దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని కిటికీలు బిగించి, మొగుణ్ణి మంచానికి అప్పగించింది. "బలం ఖర్చు చెయ్యకయ్యా, దాచుకో" అంది. అంత ప్రేమ ఎవరికి దక్కుతుంది చెప్పండి!

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు నర్సు లేపి కూర్చోబెట్టబోతే వీదోసావ అడ్డం పడింది. "కడుపు కోసిన మనిషిని లేపుతారా? మీకు దేవుడు లేడూ?" అంటూ మళ్లీ పడుకోబెట్టి దుప్పటి కప్పింది. ఆయనకు దగ్గు వస్తే గొంతులోనే గురగురమనేది, బయటికి వచ్చేది కాదు. జ్వరం పట్టుకుంది.

డాక్టరమ్మ వీదోసావను వరండాలోకి పిలిచింది. "కుట్లు బాగున్నాయమ్మా. మనిషే లేవట్లేదు. ఇలాగే పడుకోనిస్తే ఇంటికి శవపెట్టెలో తీసుకెళ్తావు."

అప్పుడు దిగింది వీదోసావకు మత్తు. లేవమని బతిమాలింది, తిట్టింది, కాళ్లు పట్టుకుంది. "రేపు చూద్దాంలే వీదా" అనేవాడు రాదిసావ్. పడుకునే విద్య ఆమే దగ్గరుండి నేర్పింది, వదలమంటే వదులుతాడా?

ఇంతలో మిత్రొవ్‌దాన్ రోజు వచ్చింది. వాళ్ల ఇంటి పునీతుడి పండుగ, స్లావా. ఆ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు. పొద్దుటినుంచీ నిలబడి, వచ్చిన ప్రతివాడికీ, పగవాడికైనా సరే, తన చేత్తో వడ్డించాలి. రాదిసావ్ పెళ్లికి సాక్షిగా నిలిచిన బ్లాగోయె ఆ పండుగకు ఉడికించే తీపి గోధుమల గిన్నెతో ఆసుపత్రికి వచ్చి, గిన్నె బల్లమీద పెట్టి, కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు.

"పండుగ శుభం, ఇంటాయనా! ఏవిట్రా ఇది, అతిథి వచ్చి కూర్చుంటే ఇంటాయన పడుకుంటాడా? మీ నాన్న విరిగిన కాలితో నిలబడ్డాడ్రా! ఊళ్లో అడిగితే ఏం చెప్పమంటావు?"

రాదిసావ్ ముఖం కందగడ్డయింది. "నోర్ముయ్యరా గాడిదా" అని కాళ్లు కిందికి దింపాడు. మందులు చేయలేని పనిని పరువు చేసింది. వీదోసావ పట్టుకోబోయి, చేతులు వెనక్కి లాక్కుని చంకల్లో దోపుకుంది. పడిపోతాడేమోనని ఆమె ప్రాణం గిలగిలలాడింది.

ఊగాడు, మూలిగాడు. లేచాడు. లేవగానే అడుగునుంచి దగ్గు తన్నుకొచ్చి, ఇన్నాళ్ల కఫం బయటపడింది. రొప్పుతూనే గిన్నె అందుకుని, "తీసుకో" అన్నాడు. సగం గోధుమలు నేలపాలయ్యాయి. బ్లాగోయె రెండు చెంచాలు తిని కళ్లు తుడుచుకున్నాడు.

వీదోసావ వెక్కివెక్కి ఏడ్చింది. "ఇక కూర్చోవయ్యా" అన్న మాట నాలుక చివరికి వచ్చింది. మింగేసింది.

"ఆ కిటికీ పక్క మంచంలో ఉన్నాయనకి ఇంకా గోధుమలు పెట్టలేదు" అంది. "నడిచి వెళ్లి పెట్టిరా."